పప్పు ఉడికేదాకా

పొద్దున ఏడు దాటగానే పంకజ పొయ్యి మీద ఎసరు పెట్టి, కందిపప్పు కడిగి, వంటింట్లోంచే కేక వేసేది.

"ఏమండీ, పప్పేస్తాండాను!"

ఆ కేకకు అర్థం పప్పు వేస్తున్నానని కాదు, మీరింక బయటికి పదండని. ఆదిశేషకు అది తెలుసు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, వీధి చివర మూతపడిన సొసైటీ అంగడి అరుగు మీదికి పోయి కూచునేవాడు. పప్పు మెత్తబడ్డాక పంకజ వాకిట్లో నిలబడి చెయ్యి ఊపేది. అప్పుడు లేచి వచ్చి, అన్నం తిని, చిక్కబళ్ళాపురం వీధుల్లో కరెంటు మీటర్లు చూసుకుంటూ పోయేవాడు. అది ఆయన ఉద్యోగం. రాత్రి వంటకూ ఇదే వరస. పెళ్ళయి పంకజ చింతామణి నుంచి కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇంతే.

ఆయన ఇంట్లో ఉంటే పప్పు ఉడికేది కాదు. ఆయన చుట్టూ గాలి పలచగా ఉండేది మరి. మనందరి నెత్తి మీదా గాలి తన బరువంతా పెట్టి కూచునుంటుంది, ఆదిశేష దగ్గర మాత్రం ఒక గది మేర ఆ బరువు తగ్గేది. నీళ్ళు పొయ్యి మీద పెట్టీ పెట్టకముందే బుడబుడమని మసిలేవి గానీ, ఆ మసలడంలో ఉండాల్సిన వేడి ఉండేది కాదు. మసిలి మసిలి నీళ్ళు ఇగిరిపోయేవే తప్ప పప్పు పలుకు విరిగేది కాదు. ఎత్తయిన కొండల మీద వండుకు తిన్నవాళ్ళకు ఈ అవస్థ తెలుసు.

ఆయన వస్తున్నాడని కళ్ళకంటే ముందు చెవులకు తెలిసేది. మలుపు తిరిగి నాలుగడుగులు వేసేసరికి, దగ్గరున్నవాళ్ళ చెవులు టప్పుమని మూసుకుపోయేవి. గుటక మింగితే తెరుచుకునేవి. "ఆదిశేషప్ప వచ్చినట్లుండాడే" అనుకుని పనిలో పడేవారు. ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డ ఉబ్బేది, కూతురు మైత్రేయి చిన్నప్పుడు కొనుక్కొచ్చుకున్న చిప్స్ ప్యాకెట్టు దిండు మాదిరి పొంగేది. అసలు ఆయన వాళ్ళది బాగేపల్లి పక్కన ఒక గుడి పూజారుల ఇల్లు. పిల్లవాడు గర్భగుడిలోకి అడుగు పెడితే దీపం దేవుడి వైపు నిలబడకుండా వీడి వైపు వంగుతోందని, తండ్రి వాణ్ణి అర్చకత్వం మానిపించి బడికి పంపాడు. అట్లా కరెంటాఫీసు పాలయ్యాడు.

అరుగు పక్కనే హోటలు నడిపే బయ్యప్ప కూడా సాంబారు పప్పు ఉడికేదాకా ఆయన్ను లోపలికి రానిచ్చేవాడు కాదు. "సామీ, ఆడే కూచో, కాఫీ నేనే తెస్తా" అని బయటికే తెచ్చిచ్చేవాడు. ఆషాఢంలో గాలిపటాలు ఎగరేసే పిల్లలు, "మామా, మా పటం కింద నిలబడొద్దు, దిగిపోతాది" అనేవారు. ఆదిశేష నవ్వుతూ పక్కకు జరిగేవాడు. ఆయన జీవితమంతా ఎవరో ఒకరు పక్కకు జరగమనడం, ఆయన జరగడం.

ఒక్క సంగతి ఉంది. మనసు కష్టపెట్టుకున్న రోజు ఆ పలచదనం గదిలో ఆగేది కాదు, ఎంత కష్టమైతే అంత దూరం పాకేది. ఆయన తల్లి పోయిన రోజున వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరూ గుటకలు మింగుతూనే ఉన్నారు. ఆ పూట ఎవరింట్లో పెట్టినా పప్పు ఉడికేది కాదు గానీ, శవం లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు గనక పట్టించుకున్నవాళ్ళు లేరు.

ఆ తల్లి ఉన్నన్నాళ్ళూ ఇంట్లోకి కుక్కర్ రానివ్వలేదు. రబ్బరు పట్టీ వేసిన గిన్నెలో వండింది మడికి పనికిరాదనేది. ఆమె పోయాక పంకజ తమ్ముడు చింతామణి నుంచి ఒక కుక్కర్ తెచ్చిచ్చాడు. మొదటి రోజు పెట్టినప్పుడు ఆదిశేష జ్వరంతో నడింట్లోనే పడుకుని ఉన్నాడు. అయినా మూడు కూతలకు పప్పు వెన్న మాదిరి ఉడికింది. ఆవిరి బిగబట్టి లోపలి ఒత్తిడిని కుక్కరే పెంచుకుంటుంది, బయట గాలి ఎంత పలచనైతే దానికేం?

పంకజ మూత తీసి చూసింది. చూసి సంతోషపడింది. మర్నాడు ఆయన జ్వరం తగ్గి లేచాక, పొద్దున ఏడు దాటగానే కేక వేసింది. "ఏమండీ, కుక్కర్ పెడతాండాను!"

ఆయన పేపరు మడుచుకుని బయటికి పోయాడు.

అదీ జరిగింది. ఆమె పంపాలని పంపలేదు. నాలుకకు అలవాటైన మాట, అంతే. వంటిల్లు తన ఒక్కదానిదే అయి ఉండటమూ అలవాటైపోయింది. ఆయన అడగనూ లేదు. తనను బయటికి పంపడం పంకజకే ఇష్టమేమో అనుకున్నాడో, ఇప్పుడు ఇంట్లో ఉంటే ఏం చేయాలో తెలియదనుకున్నాడో. కుక్కర్ వచ్చి ఏళ్ళు గడిచాయి. ఎండనకా వాననకా ఆదిశేష రెండు పూటలా పోయి ఆ అరుగు మీద కూచుంటూనే ఉన్నాడు.

మైత్రేయి చిక్కబళ్ళాపురంలోనే ఇంజనీరింగ్ చదివింది. రెండువేల తొమ్మిది వేసవిలో పుణెలో ఉద్యోగం వచ్చింది. కంపెనీవాళ్ళే విమానం టికెట్టు పంపారు. అటు చింతామణి వాళ్ళలో గానీ ఇటు బాగేపల్లి వాళ్ళలో గానీ విమానం ఎక్కబోయే మొదటి మనిషి ఆ పిల్లే. ఊరికి దగ్గర్లోనే, దేవనహళ్ళిలో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచి ఏడాది అయింది. విమానాలు ఊరి మీదుగా పోతుంటే జనం ఇంకా తలెత్తి చూస్తున్న రోజులు.

టికెట్టు వచ్చిన సాయంత్రం, భోజనాలయ్యాక ఆదిశేష కూతుర్ని అడిగాడు.

"అంత బరువు గాల్లో ఎట్ల నిలబడతాది తల్లీ?"

మైత్రేయి గోడ మీది క్యాలెండర్లో అయిపోయిన నెల నుంచి వేలెడు వెడల్పు ముక్క చించింది. ఒక కొస పెదవి కింద ఆనించి పట్టుకుంది. రెండో కొస కిందికి వేలాడుతోంది. ఉఫ్‌మని కాగితం పై నుంచి ఊదింది. వేలాడే కొస లేచి అడ్డంగా నిలబడింది.

"చూస్తివా అప్పా? ఊదింది పైన, లేచింది కాగితం. పైన గాలి జోరుగా పోతే ఆడ ఒత్తిడి తగ్గుతాది. కింద గాలి ఒత్తిడి ఉండేంత ఉంటాది గదా, అది పైకి నూకుతాది. విమానం రెక్క కూడా అంతే. పైన ఉబ్బెత్తుగా చేసి, ముందు అంచు కొంచెం ఎత్తి పెట్టుంటారు. అది గాలిని కిందికి నూకుతాది, గాలి దాన్ని పైకి నూకుతాది. ఇంజను ముందుకు తోస్తా ఉంటే చాలు."

"అంటే పైన పలచగా ఉంటే లేస్తాది."

"ఊఁ."

"కింద పలచనైతే?"

మైత్రేయికి నవ్వొచ్చింది. లేచి, ఆ కాగితం ముక్కను తండ్రి తల మీదుగా పట్టుకుని ఊదింది. కొస లేవలేదు. కిందికి వంగి ఆయన జుట్టును తాకింది.

"ఇట్ల కూలబడతాది! నీ దగ్గర ఒక్క ప్రయోగమూ సరిగా రాదప్పా."

గిన్నెలు సర్దుతున్న పంకజ కూడా నవ్వింది. ఆదిశేష నవ్వలేదు. కాగితం ముక్క చేతిలోకి తీసుకుని, చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాడు.

ఆ తర్వాత ఆయనకు కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. అరుగు మీద కూచున్నప్పుడు విమానం చప్పుడు వినిపిస్తే చాలు, దిగ్గున లేచి, అది ఎటు పోతోందో చూసుకుని, దాని దారిలోంచి పక్కకు పరిగెత్తేవాడు. బయ్యప్ప పడీ పడీ నవ్వేవాడు. పంకజకు తల కొట్టేసినట్టు ఉండేది. "ఈ వయసులో ఏమిటికండీ ఆ గంతులు?" అని కసురుకుంది. ఎందుకో ఆయన చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం. బయ్యప్ప కారు మాట్లాడి పెట్టాడు. కొత్త కాపురానికి పనికొస్తుందని పంకజ తన కుక్కర్ తోమి, గుడ్డ చుట్టి, పిల్ల పెట్టెలో పెట్టింది. సామాను కారులోకి ఎక్కించాక ఆదిశేష గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేను రానమ్మా. తలనొప్పిగా ఉండాది. అమ్మ వస్తాదిలే."

మైత్రేయి ముఖం వాడిపోయింది. "స్కూలు డేకి రాలే. అందరికీ చెవులు మూసుకుంటాయని బయట్నే ఉండిపోతివి. కాలేజీలో ప్రైజు ఇచ్చినప్పుడూ రాలే. ఈ ఒక్కసారికన్నా రాకూడదా అప్పా? ఎయిర్‌పోర్టు ఎంత పెద్దదో, ఎవరికేం తెలుస్తాది?"

ఆయన నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు. విమానం ఎక్కబోయే పిల్లకు చెప్పే మాట కాదది. పంకజకు అది తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు పెట్టుకున్న కూతురు కనిపించింది, రాయి మాదిరి నిలబడ్డ మొగుడు కనిపించాడు, ఒళ్ళు మండిపోయింది.

"ఎవర్ని బతిమాలుతాండావే? ఆయనెప్పుడు ఇంట్లో ఉండినాడు గనక ఇప్పుడు నీ వెంట వస్తాడు! వంటయితే వస్తాడు, తినేసి పోతాడు. లాడ్జిలో దిగినట్ల బతికిన మనిషి!"

అన్నది. అనేసి కారెక్కింది. మైత్రేయి తండ్రి కాళ్ళకు మొక్కి, తల ఎత్తకుండానే వచ్చి పక్కన కూచుంది. కారు కదిలిన తర్వాత కూడా చాలాదూరం దాకా పంకజ చెవులు తెరుచుకోలేదు. డ్రైవరు చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటున్నాడు. పూల మార్కెట్టు దగ్గర బేరాలాడే వాళ్ళు కూడా ఆగి గుటకలు మింగుతున్నారు. పంకజ అదంతా చూసింది. చూసీ కారు ఆపమనలేదు.

ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర మైత్రేయి అమ్మను కౌగిలించుకుని, "అప్పకు చెప్పు..." అని ఆగింది.

"ఏం చెప్పాల?"

"ఏం లేదులే."

పిల్ల లోపలికి పోయింది. పంకజ తిరుగు బస్సు ఎక్కేసరికి పడమట మబ్బు కమ్మింది. మే నెల చివర్లో వచ్చే వాన, ఊరికే రాదు, దుమ్ము ఎత్తి కొడుతూ వస్తుంది. బస్సు కిటికీలు దబదబా మూశారు. ఎక్కడో విమానం లేచిన చప్పుడు, దాని మీద ఉరుము చప్పుడు. పంకజ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

ఊరు చేరేసరికి వాన వెలిసింది. ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి బయ్యప్ప హోటల్లో ఇచ్చి పోయాడట.

"యాడికి పోయినాడు బయ్యప్పా?"

"మీ కారు ఇట్ల పోతానే ఆయన నంది కొండ బస్సెక్కినాడమ్మా. తలనొప్పంటివి గదా సామీ, ఈ ఎండలో కొండేమిటికి అంటే పలకలేదు. మనిషి ముఖం మాత్రం బాగలేదు."

పంకజకు ఇంకా కోపం వచ్చింది. కన్నకూతురు గాల్లో ప్రయాణం కడుతుంటే ఈయన కొండెక్కి కాలక్షేపం చేస్తున్నాడా! ఇంట్లోకి వచ్చి, దీపం పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి, అలవాటుగా కుక్కర్ కోసం చెయ్యి చాచింది. అది పిల్లతో పోయిందని అప్పుడు గుర్తొచ్చింది. అటక మీది పాత ఇత్తడి గిన్నె దించి, కడిగి, పప్పు అందులో వేసింది.

పప్పు పొంగు వస్తుండగా ఫోను మోగింది.

"దిగినానమ్మా." మైత్రేయి గొంతు. "బాగుండాను, భయపడొద్దు. లేచిన కొంచెం సేపటికే మబ్బు గాలి పై నుంచి కొట్టింది. విమానం అట్లనే కిందికి పడిపోయినట్ల అయింది. పక్కనుండే ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. కిటికీలో చెట్లు, ఇండ్లు దగ్గరికి వచ్చేస్తాండాయి. అయిపోయింది అనుకున్నా. అంతలో చెవులు టప్పుమని మూసుకునినాయి. అందరికీ. నేను... నేను అప్ప వచ్చినాడేమోనని వెనక్కి తిరిగి చూసినానమ్మా."

పంకజ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఎవరో రెండు రెక్కలూ పట్టి పైకి తీసుకున్నట్ల లేచింది. దిగినాక పైలట్ కూడా నమ్మలేనట్ల తల ఊపుకుంటా పోయినాడు. అప్ప ఉండాడా? ఒకసారి ఇయ్యి."

"బయట ఉండాడే. పప్పు పెట్టినా గదా," అంది పంకజ. అది అబద్ధమాడాలని ఆడింది కూడా కాదు, నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ఇంకా పంపిస్తానే ఉండావా అమ్మా? కుక్కర్ వచ్చి ఎన్నేండ్లయింది?" అంది మైత్రేయి మెల్లగా.

ఫోను పెట్టేశాక పంకజ పొయ్యి ముందు కూలబడింది. తండ్రి తల మీద వంగిన కాగితం ముక్క కళ్ళ ముందుకు వచ్చింది. పటం కింద నిలబడొద్దన్న పిల్లలు గుర్తొచ్చారు. విమానం కింది నుంచి పక్కకు పరిగెత్తిన మనిషి గుర్తొచ్చాడు. సాగనంపేటప్పుడు ఆయనకు ఏడుపొస్తుంది, ఏడుపొస్తే ఆ పలచదనం ఎయిర్‌పోర్టంతా పాకుతుంది, పిల్ల ఎక్కిన విమానం దాని మీదుగా పోవాలి. అందుకని రానన్నాడు. రాకుండానూ ఉండలేక, కింద కాకుండా పైన ఉండి చూసుకుందామని కొండెక్కాడు. అక్కడి నుంచి చూస్తే ఎయిర్‌పోర్టు కనిపిస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

కానీ నంది కొండ ఎక్కడ, దేవనహళ్ళి ఎక్కడ! అంత దూరం పాకాలంటే ఎంత కష్టం కలిగి ఉండాలి ఆ మనసుకు! తల్లి పోయిననాడు వీధి దాటలేదు.

లాడ్జిలో దిగినట్ల బతికిన మనిషి. ఆ మాట తాను అనకపోయుంటే ఆ పలచదనం అంత దూరం అందేది కాదు, పిల్ల దక్కేది కాదు. అన్నందుకు సంతోషించలేదు, అనకపోయుంటే బాగుండుననీ అనుకోలేదు. ఎటూ కాని ఆ బాధకు పంకజ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన్ను ఇంట్లోంచి పంపింది తనే. పంపి, ఇంట్లో లేడని తిట్టిందీ తనే.

గిన్నెలో పప్పు కుతకుతమంటోంది. గరిటెతో తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెత్తగా ఉడికింది. ఆయన దగ్గర్లో ఎక్కడా లేడన్నమాట. ఇంకా రాలేదన్నమాట. వానకు తడిసిన ఆ కొండ మెట్లు ఎట్లా దిగుతాడో. కళ్ళు తుడుచుకుని, రోజూ మాదిరే చెయ్యి ఊపడానికన్నట్టు వాకిలి తలుపు తీసింది.

ఆదిశేష మెట్టు మీద నిలబడి ఉన్నాడు. బట్టలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. చెప్పులు విప్పి గోడకు ఆనించి పెట్టుకున్నాడు. కాళ్ళ కింద నీళ్ళు మడుగు కట్టాయంటే వచ్చి చాలాసేపే అయి ఉండాలి.

పంకజ చెవులు మూసుకోలేదు. గుటక మింగి చూసింది. ఏమీ లేదు. వెనక దేవుడి గూట్లో దీపం నిటారుగా వెలుగుతోంది, ఆయన వైపు ఇంత కూడా వంగలేదు.

"ఎప్పుడొచ్చినారు?"

"ఇంతకు ముందే. ఉడికిందా?"

ఆమె ఆయన కాళ్ళ కింది మడుగు వైపు చూసింది.

"పాప దిగిందా?"

"దిగింది. బాగుండాదంట."

"చెవులేమన్నా నొచ్చినాయన్నదా?"

పంకజ తలుపు రెక్క పట్టుకుని, లేదని తల ఊపింది. "పోయేటప్పుడు నేను ఆ మాట..."

"పోనీలే," అన్నాడు ఆదిశేష. "పప్పు ఉడకనీ. నేను ఈడే ఉంటాను."

"ఎప్పుడో ఉడికిందండీ. ఎన్నో ఏండ్లయింది అది ఉడికి. మీరు లోపలికి రాండి."

వచ్చాడు. ఆమె తువ్వాలు ఇస్తే తల తుడుచుకున్నాడు. పొయ్యి దగ్గర పీట వేస్తే, పరాయి ఇంట్లో కూచున్నట్టు అంచున కూచున్నాడు. ఆమె పోపు వేస్తుంటే, ఎన్నడూ చూడని పని చూస్తున్నట్టు చూశాడు. నిజంగానే ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన దగ్గరున్న పలచదనమంతా ఆ మధ్యాహ్నం కొండ మీదే అయిపోయింది. అది మళ్ళీ రాలేదు.

అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఏ గిన్నెలో వేసినా పప్పు ఉడుకుతుంది. పంకజ కేక వేయడం మానేసింది. కానీ ఆయన ఎప్పుడు వచ్చిందీ ఆమె చెవులకు తెలియడం లేదు. వంట మధ్యలో ఉన్నట్టుండి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి పోయి, మెట్టు మీద నిలబడి ఉన్నాడేమోనని తలుపు తీసి చూస్తుంది. చాలాసార్లు ఉంటాడు.